కేర్ ప్లాన్ లో మా అత్తయ్య ఎక్కడున్నారు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే సంగతి మీద ఉన్నాయి. అమ్మనో నాన్ననో అత్తగారినో ఒక చోట చేర్చాక, అక్కడ వాళ్ళకి రోజూ ఏం చెయ్యాలో ఎవరు రాస్తారు, ఆ రాసేదాంట్లో మన మాటకి చోటుందా లేదా అని. నేను అమెరికాలో నర్సింగ్ హోముల్లో 19 ఏళ్ళు నర్సుగా చేశాను, అందులో సగం పైగా ఈ కేర్ ప్లాన్లు రాసే పనే, అందుకని మిగతా ఉత్తరాలు వచ్చే నెలకి ఉంచి ఈ నాలుగే తీసుకున్నా. ఎవరి పేర్లూ వెయ్యట్లేదు.

ప్రశ్న: అక్కా నమస్తే. మా అత్తయ్యకి 78. ఫిబ్రవరిలో స్ట్రోక్ వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి, షుగర్ 20 ఏళ్ళ నుంచీ ఉంది, ఇన్సులిన్ మీద ఉంటారు, ఇప్పుడు మింగడం కూడా కష్టమైంది, మతిమరుపు అంతకు ముందే కొంచెం మొదలైంది. ఇంట్లో ఇద్దరం ఉద్యోగాలు, ఇద్దరు చిన్న పిల్లలు, ఆవిడని లేపి కూర్చోబెట్టాలంటేనే ఇద్దరు మనుషులు కావాలి, చాలా రోజులు ఏడ్చి ఏడ్చి చివరికి మా ఇంటికి 20 నిమిషాల దూరంలో ఒక నర్సింగ్ హోమ్ లో చేర్చాం. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. కానీ మొన్న కేర్ ప్లాన్ అని 14 పేజీలు ఇచ్చారు, చదివితే అది ఎవరిదైనా కావచ్చు అనిపించింది, మా అత్తయ్య అందులో ఎక్కడా లేరు. ప్లేట్లో సగమే తింటున్నారు అని, సహకరించట్లేదు అని, మతి పరీక్షలో 15కి 5 వచ్చాయి కాబట్టి ఆవిడని ఏదీ అడగక్కర్లేదు అన్నట్టు రాశారు. మాతో చక్కగా మాట్లాడతారు అక్కా. నేను రసం అన్నం పట్టుకెళ్తే బయట తిండి వద్దని ఆపేశారు. వచ్చే వారం మీటింగ్ ఉంది, ఏం అడగాలి?
— ఒక కోడలు, న్యూజెర్సీ

జవాబు: అమ్మా, ముందు ఒక మాట, ఆ మీటింగ్ కి మిమ్మల్ని పిలవడం వాళ్ళు దయతలచి చేస్తున్న పని కాదు, అది చట్టం. 1987లో అమెరికాలో నర్సింగ్ హోముల చట్టం మారింది, అంతకు ముందు మంచానికి కట్టెయ్యడాలూ, మత్తు మందులిచ్చి పడుకోబెట్టెయ్యడాలూ చాలా జరిగేవి, దాని తర్వాతే ప్రతి మనిషికీ విడిగా పరీక్ష చేసి విడిగా ప్లాన్ రాయాలన్న రూల్ వచ్చింది. మెడికేర్, మెడికెయిడ్ అని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా డబ్బులు తీసుకునే ప్రతి చోటా ఇది తప్పదు. చేరిన 48 గంటల్లో ఒక మొదటి ప్లాన్ ఉండాలి, 14 రోజుల్లోపు ఎండీఎస్ అని పెద్ద పరీక్ష పూర్తి చెయ్యాలి, అది అయిన 7 రోజుల్లో అసలు ప్లాన్ రావాలి, తర్వాత మూడు నెలలకోసారి మళ్ళీ చూడాలి. మనిషి పరిస్థితి బాగా మారితే మూడు నెలలు ఆగక్కర్లేదు, మారిందని తెలిసిన 14 రోజుల్లో మళ్ళీ మొత్తం పరీక్ష చెయ్యాలి. మీకిచ్చిన 14 పేజీలు కంప్యూటర్లో ముందే ఉన్న వాక్యాలు టిక్కులు పెడితే వచ్చినవి, నేనూ అలాంటివి చాలా తీశాను, చెప్పుకోడానికి బాధగా ఉంది కానీ ఒక నర్సు మీద 30 మంది ఉన్నప్పుడు అదే జరుగుతుంది. అందుకే మీరు చెయ్యాల్సింది మీకు తెలిసిన అత్తయ్యని ఆ కాగితం మీదకి ఎక్కించడం. పగలు పనిచేసే మంచి ఎయిడ్ కి, అంటే నర్సు కింద దగ్గరుండి చూసుకునే సహాయకురాలికి, మీరు నోటితో చెప్తే ఆ అమ్మాయి గుర్తు పెట్టుకుంటుంది, కానీ రాత్రి మూడింటికి ఏజెన్సీ నుంచి వచ్చిన కొత్త మనిషికి కాగితం మీద ఉన్నదే తెలుస్తుంది.

ఇప్పుడు సగం ప్లేటు సంగతి. మీరు ఎడమ పక్క పడిపోయింది అన్నారు, అంటే దెబ్బ తగిలింది మెదడుకి కుడి వైపు. అలాంటి వాళ్ళలో కొంతమందికి కళ్ళు బాగానే ఉన్నా ఎడమ పక్కన ఏదైనా ఉందన్న ధ్యాసే పోతుంది, ప్లేట్లో కుడి వైపున్నది తినేసి అయిపోయింది అనుకుంటారు, ఎడమ వైపు అన్నం అలాగే ఉంటుంది. మీరు ఈసారి వెళ్ళినప్పుడు ఊరికే గమనించండి, మిగిలిన సగం ఎప్పుడూ ఒకే వైపు ఉంటోందా? ఉంటే ప్లేటు తిప్పి పెట్టి చూడండి, తింటే విషయం తేలిపోయినట్టే. అప్పుడు మీటింగ్ లో ఆక్యుపేషనల్ థెరపిస్ట్ ని, అంటే తినడం, బట్టలేసుకోవడం లాంటి రోజువారీ పనులు మళ్ళీ అలవాటు చేయించే వాళ్ళని, పరీక్ష చెయ్యమని అడగండి, ప్లాన్ లో "భోజనం మధ్యలో ప్లేటు తిప్పాలి, ఎడమ వైపు చూడమని గుర్తు చెయ్యాలి, కాలింగ్ బెల్ కుడి చేతి పక్కనే ఉంచాలి" అని రాయించండి. బెల్ ఎడమ పక్క పెట్టి ఈవిడ ఎప్పుడూ బెల్ నొక్కదు, చెప్పకుండా లేస్తుంది, పడిపోతుంది అని రాసిన కాగితాలు నేను చూశాను.

ఇంకోటి చెప్తా, ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు. చాలా ఏళ్ళ క్రితం నా దగ్గర ఒక తెలుగు పెద్దావిడ ఉండేవారు, పొద్దున పూట తింటారు, రాత్రి పూట మొహం తిప్పేసుకుంటారు, చార్ట్ నిండా "భోజనం నిరాకరించారు" అనే. బరువు తగ్గిపోతున్నారు, డాక్టర్ ఆకలి పుట్టడానికి మందు కూడా మొదలుపెట్టారు. ఒక రోజు నేను రాత్రి డ్యూటీకి ఉండి చూస్తే, తినిపించే అమ్మాయి ఎడమ చేతివాటం. చాలా మంచి పిల్ల, ఎంతో ఓపిగ్గా ఎడమ చేత్తో స్పూన్ పెట్టి నోటి దాకా తెస్తోంది. ఈవిడ మొహం తిప్పుతున్నారు. ఆ పిల్లకి చెప్పాను, తను వెంటనే చెయ్యి మార్చింది, పెద్దావిడ నోరు తెరిచారు. ప్లాన్ లో ఒక్క లైన్ రాశాం, కుడి చేత్తో తినిపించాలి అని. ఆ మాట వాళ్ళకి తెలిసే దారే లేదు కదా, చెప్పాల్సింది మనమే, నేను అక్కడే ఉండి కూడా చాలా రోజుల దాకా చూడలేదు, అది నాకింకా మనసులో ఉంది.

రసం అన్నం దగ్గరికి వస్తే, వాళ్ళు ఆపింది తప్పు కాదమ్మా, కారణం సరిగ్గా చెప్పలేదు అంతే. మింగడం దెబ్బతిన్న వాళ్ళకి అన్నిటికన్నా ప్రమాదం పల్చటి ద్రవం, గట్టి మెతుకు రెండూ ఒకే ముద్దలో ఉండటం. అన్నం ఇంకా నోట్లో నలుగుతుంటే రసం గబుక్కున జారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, దగ్గు కూడా రాకుండా పోవచ్చు, న్యుమోనియా అలాగే వస్తుంది. మజ్జిగ అన్నం, సాంబార్ లో ఇడ్లీ కూడా ఇదే లెక్క, పొడి ఇడ్లీ అయితే పొడిపొడిగా రాలి గొంతులో చిక్కుకుంటుంది. ఇప్పుడు చాలా చోట్ల తిండిని, ద్రవాలని 0 నుంచి 7 దాకా లెవెల్స్ గా చెప్తారు, 4 అంటే మెత్తగా రుబ్బింది, 5 అంటే చిన్నగా నలిపి తడిగా ఉన్నది, 6 అంటే మెత్తటి చిన్న ముక్కలు. మీ అత్తయ్యది ఏ లెవెలో, నీళ్ళు ఎంత చిక్కగా ఇవ్వాలో కనుక్కోండి. అప్పుడు మన వంటల్లోంచే దారి దొరుకుతుంది. గట్టి ముద్దపప్పు, మెత్తగా ఉడికించి మిక్సీ వేసిన గుమ్మడికాయ, బీరకాయ, బాగా చిలికిన పెరుగుతో మిక్సీ వేసిన అన్నం, ఇవన్నీ లెవెల్ 4కి తేవచ్చు. ఒట్టి అన్నం మిక్సీ వేస్తే మాత్రం జిగురు కట్టి అంగిట్లో అతుక్కుంటుంది, అది వద్దు, పెరుగో పప్పో కలిపి జారేలా ఉండాలి, కానీ నీళ్ళు ఊరకూడదు. రసం అంత ఇష్టమైతే దాన్నే చిక్కబరిచే పొడి వేసి వాళ్ళు చెప్పిన లెవెల్ కి తెచ్చి స్పూన్ తో ఇవ్వచ్చేమో స్పీచ్ థెరపిస్ట్ ని అడగండి, మింగడం సంగతి చూసేది కూడా వాళ్ళే, మీరు వండింది ఒక డబ్బాలో తీసుకెళ్ళి ఆ థెరపిస్ట్ ముందే తినిపించి చూపించండి. ఒప్పుకున్న వంటల పేర్లు తెలుగు పేర్లతోనే ప్లాన్ లో రాయించండి, "ఇంటి నుంచి తెచ్చిన మెత్తటి ఆహారం, ఫలానావి, నిటారుగా కూర్చోబెట్టి మాత్రమే, తిన్నాక అరగంట అలాగే ఉంచాలి" అని.

చిక్కటి నీళ్ళు చాలామందికి సయించవు, తాగడం మానేస్తారు, ఒళ్ళు ఎండిపోతుంది, మలబద్ధకం, యూరిన్ ఇన్ఫెక్షన్ వరసగా వస్తాయి. కొందరికి నోరు శుభ్రంగా తోమించాక భోజనాల మధ్యలో మామూలు నీళ్ళు కొంచెం కొంచెంగా ఇచ్చే పద్ధతి ఉంది, అందరికీ కుదరదు, మీ అత్తయ్యకి కుదురుతుందేమో అదీ అడగండి.

షుగర్ గురించి నాకు అన్నిటికన్నా భయం. సగమే తినే మనిషికి మొత్తం తింటారని లెక్క కట్టి భోజనానికి ముందే ఇన్సులిన్ ఇచ్చేస్తే షుగర్ పడిపోతుంది, మాట సరిగ్గా రాని పెద్దవాళ్ళలో అది బయటికి తెలియదు, మగతగా ఉన్నారు, చిరాకు పడుతున్నారు అనుకుంటారు. తిన్నది చూసి ఇన్సులిన్ ఇచ్చేలా మార్చచ్చా అని డాక్టర్ని అడగండి. ఇన్ని సమస్యలున్న పెద్దవాళ్ళకి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) 8 లోపు ఉంటే సరిపోతుందని, ఇంకా నీరసించిన వాళ్ళకి ఆ అంకె వెంట పడకుండా షుగర్ పడిపోకుండా చూస్కోవడమే ముఖ్యమని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషనే చెప్తోంది, కాబట్టి మరీ టైట్ గా పెట్టుంటే కారణం అడగండి. అన్నట్టు మీ అత్తయ్య శనివారం రాత్రి అన్నం తినరా, ఏకాదశి ఉంటారా? మన ఇళ్ళల్లో ఎక్కువ మంది ఉంటారు. ఆవిడ ఎవరికీ చెప్పకుండా ఆ రోజు ప్లేటు పక్కకి నెట్టేస్తారు, అక్కడ "నిరాకరించారు" అని రాస్తారు, ఇన్సులిన్ మాత్రం అప్పటికే ఒంట్లో ఉంటుంది. వారం, తిథి, ఆ రోజు ఏం తింటారు, డోసు ఎలా మార్చాలి అన్నీ రాసి ఉండాలి.

15కి 5 అన్నారు. ఆ పరీక్షలో సాక్, బ్లూ, బెడ్ అని మూడు మాటలు చెప్పి మళ్ళీ చెప్పమంటారు, ఏ సంవత్సరం, ఏ నెల, ఏ వారం అని అడుగుతారు. ఇంగ్లిష్ సరిగ్గా రాని 78 ఏళ్ళ మనిషిని ఇంగ్లిష్ లో అడిగితే 5 రాక ఏమొస్తాయి? ఏ నెల అంటే ఆవిడ మాఘమాసం అన్నారనుకోండి, అడిగే వాళ్ళకి అది తప్పే. ఎండీఎస్ లో మొదట్లోనే ఏ భాష కావాలి, ఇంటర్‌ప్రెటర్ కావాలా అని ప్రశ్న ఉంటుంది, అక్కడ ఏం రాశారో చూడండి, తెలుగు అని లేకపోతే మార్పించి, ఫోన్ లోనైనా తెలుగు ఇంటర్‌ప్రెటర్ ని పెట్టి, కళ్ళజోడూ వినికిడి మిషనూ ఉంటే పెట్టించి, పరీక్ష మళ్ళీ చెయ్యమనండి. మీరే దుభాషిగా ఉండిపొమ్మంటారు, రోజువారీ మాటలకైతే సరే, వైద్యం మాటలకి వద్దు, అత్తగారు కోడలి ముందు చెప్పుకోలేనివి కొన్ని ఉంటాయి. ఒకవేళ అప్పుడు కూడా తక్కువే వచ్చినా, ఏ చీర కట్టుకోవాలి, ఎప్పుడు పడుకోవాలి, స్నానం ఆడవాళ్ళే చేయించాలా అన్నవి ఆవిడని అడగాల్సిందే, ఎండీఎస్ లో ఇష్టాయిష్టాలకి ప్రత్యేకంగా ఒక భాగమే ఉంది.

మీటింగ్ మామూలుగా 20 నిమిషాలు మించదు. అందుకని ఒకే ఒక పేజీ రాసుకెళ్ళండి, పై వాటిల్లో మీకు ముఖ్యమైన నాలుగైదు చాలు. ఆ టీంలో డాక్టర్, నర్సు, డైట్ వాళ్ళతో పాటు రోజూ ఆవిడని చూసే నర్స్ ఎయిడ్ కూడా ఉండాలని 2016 నుంచి రూల్ ఉంది, చాలా చోట్ల పిలవరు, మీరు అడిగి పిలిపించండి, అసలు విషయాలు ఆ అమ్మాయికే తెలుసు. అత్తయ్యని కూడా చక్రాల కుర్చీలో తీసుకురమ్మనండి. ప్రతి దానికీ ఎవరు చేస్తారు, ఎన్నింటికి, మళ్ళీ ఎప్పుడు చూస్తారు అని అడిగి రాయించి కాపీ తీసుకోండి. రాసింది జరక్కపోతే డైరెక్టర్ ఆఫ్ నర్సింగ్ కి మెయిల్ పెట్టండి, అక్కడా కదలకపోతే ప్రతి రాష్ట్రంలోనూ లాంగ్ టర్మ్ కేర్ అంబుడ్స్‌మన్ ఉంటారు, ఫిర్యాదు వినడమే వాళ్ళ పని, ఫీజు ఉండదు.

ప్రశ్న: మేడం, మా నాన్నకి 81, డిమెన్షియా, మోకాళ్ళ నొప్పులు, ప్రోస్టేట్ సమస్య, చెవులు సరిగా వినపడవు. ఊళ్ళో 30 ఏళ్ళు పాల కేంద్రం చూసుకున్న మనిషి, అమ్మ పోయాక నా దగ్గరకి డల్లాస్ తెచ్చుకున్నా. ఇప్పుడు నర్సింగ్ హోమ్ లో ఉన్నారు. తెల్లవారుజామున లేచి అరుస్తున్నారు, పడుకోబెడితే చెయ్యి విసురుతున్నారు, ఒక ఎయిడ్ కి దెబ్బ తగిలింది కూడా. క్వెటియాపిన్ అని మందు మొదలుపెడతాం సంతకం పెట్టండి అంటున్నారు. పెట్టాలా వద్దా?
— ఒక కొడుకు

జవాబు: తెల్లవారుజామున అంటే ఎన్నింటికి బాబూ? మూడున్నర, నాలుగైతే నాకు అర్థమైపోయింది. పాల కేంద్రం నడిపిన మనిషి 30 ఏళ్ళు ఆ టైముకే లేచుంటారు, క్యాన్లు వస్తాయి, వెన్న చూడాలి, జనం లైన్లో నిలబడుంటారు. ఆయన లెక్కలో ఆయన పనికి ఆలస్యమవుతోంది, ఎవరో తెలియని వాళ్ళు వచ్చి చెవికి సరిగా వినపడని భాషలో ఏదో అంటూ బలవంతంగా పడుకోబెడుతున్నారు, చెయ్యి విసరరా మరి. ఇది నా ఊహే, మీరు వెళ్ళి తేల్చుకోండి, కానీ ప్లాన్ లో ఆయన పని గురించి ఒక్క ముక్కైనా ఉందా చూడండి. లేచినప్పుడు లేవనిచ్చి, బాత్రూంకి తీసుకెళ్ళి, చొక్కా వేసి, నర్సులు కూర్చునే చోట కుర్చీలో కూర్చోబెట్టి వేడి కాఫీ ఇచ్చి చూడమనండి. మధ్యాహ్నం కాసేపు పడుకుంటారు, ఏం కాదు.

రెండోది, ప్రోస్టేట్ అన్నారు, మూత్రం పూర్తిగా రాక పొట్ట ఉబ్బి ఉంటే ఎవరికైనా తిక్కగానే ఉంటుంది, డిమెన్షియా ఉన్నాయన చెప్పుకోలేరు. బ్లాడర్ స్కాన్ రెండు నిమిషాల పని, చెయ్యమనండి. మలబద్ధకం ఎన్ని రోజుల నుంచి ఉంది, మోకాళ్ళకి నొప్పి మాత్ర వేళకి ఇస్తున్నారా లేక అడిగితేనే ఇస్తున్నారా, అడగలేని మనిషికి అడిగితే ఇస్తాం అంటే ఇవ్వనట్టే.

సంతకం సంగతి మీ నిర్ణయమే, నేను పెట్టకండి అనను, ఎదుటి వాళ్ళకీ ఆయనకీ నిజంగా ప్రమాదంగా ఉన్నప్పుడు కొన్నాళ్ళు అవసరమవచ్చు. కానీ డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ళలో ఈ రకం మందులు (యాంటీసైకోటిక్స్ అంటారు, మానసిక జబ్బులకి వాడేవి) చనిపోయే ప్రమాదాన్ని పెంచుతాయని అమెరికాలో మందుల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ 2005లో డబ్బా మీద పెద్ద హెచ్చరిక పెట్టించింది, 2008లో పాత తరం మందులకి కూడా పెట్టించింది. పడిపోవడం, మగత ఎలాగూ ఉంటాయి. కాబట్టి మందు లేకుండా ఏమేం చేసి చూశారు, ఏ లక్షణానికి ఇస్తున్నారు, తగ్గిందని ఎలా చూస్తారు, ఎప్పుడు తగ్గించి చూస్తారు, ఈ నాలుగూ రాసిచ్చాకే మాట్లాడండి. అవసరమైనప్పుడే ఇస్తాం అని రాస్తే ఆ ఆర్డర్ 14 రోజులకే, పొడిగించాలంటే డాక్టర్ స్వయంగా వచ్చి చూడాలి.

ప్రశ్న: అక్కా, మా బాపుకు 74 ఏండ్లు, పార్కిన్సన్స్ వచ్చి 9 ఏండ్లయితాంది. అమ్మ పోయినంక ఇంటికాడ చూసుకునేటోళ్ళు లేక హైదరాబాద్ శివార్ల ఒక ఎల్డర్ కేర్ హోమ్ ల ఉంచినం, నేను పుణెల నౌకరి చేస్తున్న. డాక్టర్ సిండోపా గోలీ పొద్దున 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6కు ఏసుకోమని రాసిచ్చిండు. వీళ్ళేమో అందరికి టిఫిన్ తోని, అన్నం తోని ఒక్కపారే ఇస్తరు. బాపు పది కాంగనే కట్టెలెక్క బిగుసుకపోతుండు, వాళ్ళేమో మొండికేస్తుండు, లేస్తలేడు అంటున్నరు. మొన్న వాంతులైతే ఏదో సూది ఇచ్చిన్రు, రెండు దినాలు ఇంకా ఎక్కువైంది. గట్టిగ అడుగుదమంటే బాపు మీద కోపం పెట్టుకుంటరేమో అని భయమైతుంది.
— కరీంనగర్ తమ్ముడు

జవాబు: తమ్ముడూ, మీ బాపు మొండికెయ్యట్లేదు, మందు అయిపోయింది అంతే. ఆ గోలీ పని కొన్ని గంటలే, వేళ తప్పితే ఒళ్ళు బిగుసుకుపోతుంది, మింగడం కూడా కష్టమైతుంది. పైగా ఈ మందుకీ ప్రోటీన్ కీ పడదు, పప్పు, గుడ్డు, పాలతో కలిపి ఇస్తే సరిగ్గా ఎక్కదు, అందుకే మామూలుగా తిండికి అరగంట ముందు ఇస్తారు. ఇంకా, చెప్పాపెట్టకుండా ఆపేస్తే ప్రాణం మీదకి వచ్చే పరిస్థితి కూడా ఉంది. ఆ సూది ఏందో పేరు కనుక్కో. మెటోక్లోప్రమైడ్, ఇక్కడ పెరినార్మ్ అని ఎక్కువ దొరుకుతది, అదైతే పార్కిన్సన్స్ వాళ్ళకి ఇవ్వకూడదు. రాత్రి అల్లరి చేస్తే ఇచ్చే హాలోపెరిడాల్ కూడా అంతే.

ఇక్కడ ఒక చిక్కుంది, అమెరికాలో లాగ ఇన్ని రోజుల్లో ప్లాన్ రాయాలి అనే చట్టం మనకి లేదు. మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే చిన్న ఆస్పత్రి, ఇలాంటి చోట్లని ఎల్డర్ కేర్, అసిస్టెడ్ లివింగ్, ఆశ్రమం అని రకరకాలుగా పిలుస్తున్నాం. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టంలో వృద్ధాశ్రమాల మాట ఉంది, పిల్లలు పోషించాల్సిన బాధ్యత ఉంది, కానీ ఒక్కొక్క మనిషికి విడిగా కేర్ ప్లాన్ రాయాలన్న మాట లేదు. కాబట్టి ఆ కాగితం నువ్వే తయారు చెయ్యి. రెండు పేజీలు చాలు, తెలుగులో, పెద్ద అక్షరాలతో, ఎందుకంటే చదవాల్సింది మేనేజర్ కాదు, రాత్రి ఉండే ఆయమ్మ. మొదటి పేజీలో మందు టైములు, ఇవ్వకూడని మందుల పేర్లు ఎర్ర ఇంకుతో, డాక్టర్ సంతకంతో. రెండో పేజీలో బాపు. పార్కిన్సన్స్ లో లేచేటప్పుడు బీపీ పడిపోవచ్చు కాబట్టి మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోబెట్టి లేపాలి, కాళ్ళు నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోతే లాగొద్దు, నేల మీద ఒక గీత చూపించి దాటమంటే చాలామంది దాటుతారు, మూడు రోజులు మోషన్ కాకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి, జొన్నరొట్టె ఇష్టమైతే పప్పులో నానబెట్టి ఇవ్వచ్చా లేదా, ఇలాంటివన్నీ.

భయం సంగతి నాకు తెలుసు, ప్రతి కుటుంబానికీ ఉంటుంది. గొడవగా కాకుండా లెక్కగా వెళ్ళు. ఒక వారం పాటు గోలీ ఇచ్చిన టైము, బిగుసుకున్న టైము పక్కపక్కన రాయమని అడుగు, వాళ్ళు రాయకపోతే మీ చుట్టాల్లో ఎవరైనా రెండు రోజులు కూర్చుని రాయమను. ఆ కాగితం డాక్టర్ కి చూపించి వేళల మీద గట్టిగా ఒక నోట్ తీసుకో. చాలా చోట్ల ఒక్క మనిషి కోసం నాలుగు సార్లు ఎవరు తిరుగుతారని కష్టంగా ఉంటుంది, గోలీల డబ్బా బాపు పేరుతో విడిగా పెట్టి ఫోన్ లో అలారం పెట్టించు, పని సులువైతే చేస్తారు. ఒప్పందం రెన్యూవల్ అప్పుడు ఈ రెండు పేజీలూ దానికి జత చెయ్యమను. అయినా వినకపోతే ఎల్డర్‌లైన్ 14567కి ఫోన్ చెయ్యి, కేంద్రం పెట్టిన నంబరు, డబ్బులు పడవు. నెలకోసారి వీడియో కాల్ లో మేనేజర్, నర్సు, బాపు, నువ్వు నలుగురూ కూర్చోండి. బాపుని ముందు మాట్లాడనియ్యి, పార్కిన్సన్స్ లో మాట మెల్లగా వస్తుంది, ఆగాలి.

ప్రశ్న: మేడం గారూ, నేను విజయవాడ దగ్గర ఒక వృద్ధాశ్రమంలో పని చేస్తాను. ఒక మామ్మగారికి ఎవరూ లేరండి, పక్షవాతంతో మాట పోయింది, మడమ మీద పుండు పడింది. స్నానానికి తీస్తే అరుస్తారు, కొడతారు. మీరు ఎప్పుడూ ఇంట్లోవాళ్ళని అడగండి అంటారు, ఈవిడ గురించి ఎవర్ని అడగనండి?
— ఒక ఆయమ్మ

జవాబు: ఆవిడనే అడగాలి తల్లీ. నువ్వు ఈ ఉత్తరం రాసినందుకు నీకు దణ్ణం పెట్టాలనిపించింది.

మాట పోయినంత మాత్రాన అర్థం కావడం పోలేదు, చాలామందికి చాలా వరకు అర్థమవుతుంది. అవును, కాదు అనేవి కళ్ళు మూసి తెరవడమో, వేలు కదపడమో ఏదో ఒకటి కుదుర్చుకో, ఒకసారికి ఒకటే ప్రశ్న అడుగు. మాట రాని వాళ్ళకి కూడా అంకెలు, పాటలు, దేవుడి పేర్లు ఒక్కోసారి నోట్లోంచి వచ్చేస్తాయి, నువ్వు మెల్లగా గోవింద నామాలు మొదలుపెట్టి చూడు, లేదా ఆవిడ మతం ఏదైతే అది.

అరిచేది స్నానానికి కాదేమో, నొప్పికేమో చూడు. చెప్పలేని వాళ్ళ నొప్పి ఐదు చోట్ల కనపడుతుంది, ఊపిరి తీసే తీరు, మూలుగు, మొహం, ఒళ్ళు బిగపట్టడం, ఓదారిస్తే ఊరుకుంటారా లేదా. ఒక్కోదానికి 0 నుంచి 2 దాకా వేసుకుంటే మొత్తం 10కి లెక్క వస్తుంది, పెయిన్యాడ్ అంటారు, మేమూ అదే వాడతాం. స్నానానికి ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి రాయి, వారం రోజులు. ఆ చీటీ వచ్చే డాక్టర్ కి చూపించి, స్నానానికి అరగంట ముందు పారాసిటమాల్ ఇవ్వచ్చా అని అడుగు. పడిపోయిన వైపు భుజం పట్టుకుని లాగొద్దు, అక్కడే ఎక్కువ నొప్పి ఉంటుంది. మాట పోయింది అంటే చాలా వరకు కుడి పక్క పడిపోయుంటుంది, రవిక ముందు ఆ చేతికి తొడిగి తర్వాత మంచి చేతికి తొడుగు, తీసేటప్పుడు ముందు మంచి చెయ్యి. ఒక్కసారిగా నీళ్ళు పొయ్యకుండా, ఒళ్ళంతా పొడి దుప్పటి కప్పి ఒక్కో భాగం తీసి తుడువు, మొహం ఆఖర్న.

మడమ పుండుకి డాక్టర్ని వెంటనే చూడమను, షుగర్ ఉందేమో పరీక్ష చేయించమను. పిక్క కింద దిండు పెట్టి మడమ గాల్లో ఉండేలా చూడు, దిండు మడమ కింద కాదు. మామూలుగా రెండు గంటలకోసారి పక్క మారుస్తారు, ఎర్రబడి ఎంతసేపటికీ పోకపోతే ఆవిడకి అది చాలదన్నమాట, ఇంకా తొందరగా మార్చాలి. ఏ టైముకి ఏ పక్కకి తిప్పావో మంచం పక్కన గోడకి కాగితం అంటించి రాయి, నీ తర్వాత డ్యూటీకి వచ్చే మనిషి దాని కిందే రాస్తుంది.

ఆవిడ పెట్టెలో ఏమున్నాయో ఆవిడ ముందే, ఆవిడని అడిగి తీసి చూడు. ఒక్కొక్కటీ చేతికిచ్చి మొహం చూడు. ఏది వదలకుండా పట్టుకుంటే అది రాసుకో. రెండు వారాలు ఇలా రాసిన కాగితాలు నాకు పంపు, ఫోటో తీసి పంపినా సరే, మామ్మగారి ప్లాన్ మనిద్దరం కూర్చుని రాద్దాం.